శివరాత్రి దాటాక మిద్దెతోట: చలికాలం పంటను పద్ధతిగా ముగించడం ఎలా?

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. మిద్దె మీద ఆ సంగతి అందరికంటే ముందు తెలిసేది చిక్కుడు పందిరికి. నిన్నటిదాకా గుత్తులు గుత్తులుగా కాసిన తీగకు పూత తగ్గిపోతుంది. లేత కొనల నిండా నల్లటి పేనుబంక పేరుకుంటుంది. టమాటా కింది ఆకుల నుంచి ఎండుకుంటూ పైకొస్తుంది. మెంతి, కొత్తిమీర పూతకొస్తాయి. క్యాబేజీ కోసేసిన కుండీల్లో మోళ్లు మిగులుతాయి.

ఇలాంటప్పుడు చాలామంది ఒక ఆదివారం చూసుకుని అన్నీ పీకేస్తారు. మొదటి ఏడాది నేనూ అదే చేశాను. పొద్దున్నే మొదలుపెట్టి పది గంటలకల్లా మిద్దె అంతా ఊడ్చేశాను. పీకిన తీగలన్నీ రెండు బస్తాలకెత్తి చెత్త బండికి ఇచ్చేశాను. అమ్మమ్మ ఊరి నుంచి పంపిన ఎర్రంచు చిక్కుడు కాయలు కూడా ఆ బస్తాల్లోనే పోయాయని జూన్‌లో గానీ గుర్తురాలేదు. మళ్లీ అడిగితే ఊళ్లో ఆమె పెరట్లోనూ ఆ తీగ చచ్చిపోయి ఉంది. రెండో దెబ్బ ఆ తర్వాత తగిలింది. అవే కుండీల్లో, అదే మట్టిలో మళ్లీ టమాటా నారు పెట్టాను. మొక్కలు జానెడు ఎదిగి అక్కడే ఆగిపోయాయి. పీకి చూస్తే వేళ్ల నిండా బుడిపెలు.

అప్పటి నుంచి ఈ పనికి ఒక్క ఆదివారం కాదు, ఐదారు వారాలు పెట్టుకుంటున్నాను. వరుస కూడా మార్చాను. పీకకముందు విత్తనం, పీకేటప్పుడు వేరు, పీకాక మట్టి. కింద రాసిందంతా ఈ వరుసలోనే ఉంటుంది. నాది హైదరాబాద్ వాతావరణం కాబట్టి ఫిబ్రవరి మూడో వారం నుంచి మార్చి చివరి దాకా ఈ పని నడుస్తుంది. కోస్తాలో ఉక్క ముందే మొదలవుతుంది, అక్కడివాళ్లు ఓ పదిహేను రోజులు ముందుకు జరుపుకోండి. అరకు, లంబసింగి వైపు చల్లటి చోట్ల ఉన్నవాళ్లకు ఇంకో నెల వ్యవధి ఉంటుంది.

మొదటి పని: ఏది ఉంచాలి, ఏది తీయాలి

ఒక సాయంత్రం పుస్తకం, పెన్ను పట్టుకుని మిద్దె అంతా ఒక్క చుట్టు తిరగండి. ఆ రోజు ఏదీ పీకకండి. ప్రతి కుండీ దగ్గరా ఆగి, ఇందులో ఏం వేశాను, ఎలా కాసింది, ఏం తెగులు వచ్చింది అని రాసుకోండి. ఇప్పుడు రాసుకోకపోతే జూన్‌ నాటికి ఏదీ గుర్తుండదు. ఏ కుండీలో టమాటా ఉందో తెలియకపోతే మళ్లీ అందులోనే వంకాయ పెడతాం. రెండూ ఒకే కుటుంబం కాబట్టి ఒకదానికి వచ్చిన తెగులే రెండోదానికీ అంటుకుంటుంది.

మొక్కల కొమ్మలకు రంగు గుడ్డపీలికలు కట్టండి. మా మిద్దె మీద ఎర్ర పీలిక కడితే విత్తనానికి వదిలేసింది, ముట్టుకోకూడదు. పచ్చ పీలిక కడితే కత్తిరించి ఉంచేది. ఏదీ కట్టనిది తీసేసేది. ఇంట్లో ఇంకొకరు కూరకని కాయలు కోసే అలవాటు ఉంటే ఈ పీలికలు తప్పనిసరి. నిజానికి విత్తనపు మొక్కను సంక్రాంతి నాటికే ఎంచుకోవాలి. చివర్లో మిగిలిన గిడసబారిన కాయలను విత్తనానికి వదిలితే ఆ బలహీనతే వచ్చే ఏడాదికీ దిగుతుంది. మంచి మొక్క మీద మంచి కాయను మధ్య కాపులో వదలాలి. ఈసారి అది చేయలేదంటే ఉన్నవాటిలో తెగులు లేని మొక్కను చూసుకోండి.

విత్తనం తీయడం

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మీరు వేసింది నాటు రకమా, హైబ్రిడా? ప్యాకెట్ మీద ఎఫ్1 అని ఉంటే అది రెండు రకాలను కలిపి చేసిన హైబ్రిడ్, దాని విత్తనం తీసి లాభం లేదు. మొలుస్తుంది, కానీ వచ్చే మొక్కలు ఒక్కోటి ఒక్కోలా కాస్తాయి. ఉదాహరణకు బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన టమాటాల్లో అర్క రక్షక్ హైబ్రిడ్, అర్క వికాస్ మామూలు రకం. మొదటిదానికి ఏటా విత్తనం కొనాల్సిందే, రెండోదాని విత్తనం మనమే తీసుకోవచ్చు.

రెండో విషయం పరపరాగం, అంటే వేరే మొక్క పుప్పొడి వచ్చి కలవడం. చిక్కుడు, టమాటా పూలు చాలావరకు తమలో తామే ఫలదీకరణ చెందుతాయి కాబట్టి పక్కన వేరే రకం ఉన్నా పెద్ద ఇబ్బంది రాదు. వంగ, బెండ, మిరపల్లో తేనెటీగల వల్ల కొంత కలుస్తుంది. బీర, సొర, కాకర, దోసల సంగతి పూర్తిగా వేరు. వాటిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. పక్కింటి మిద్దె మీద ఇంకో రకం సొర ఉన్నా ఆ పుప్పొడి మీ పువ్వు మీదికి రాగలదు. రకం కాపాడుకోవాలంటే రేపు విచ్చుకోబోయే ఆడమొగ్గకు, మగమొగ్గకు ముందురోజే పలుచటి గుడ్డసంచి కట్టాలి. విచ్చుకున్నాక మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాసి, మళ్లీ సంచి కట్టేయాలి. బీర, సొర సాయంత్రం పూస్తాయి, దోస, కాకర పొద్దున పూస్తాయి. ఆ వేళ తప్పితే ప్రయత్నం వృథా.

చిక్కుడు: కాయ తీగ మీదే ఎండాలి. పచ్చదనం పోయి, తొక్క కాగితంలా అయి, ఊపితే లోపల గింజ గలగలమనాలి. కోసి, రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టి, ఒలిచాక గింజను పంటితో కొరికి చూడండి. పంటి గాటు పడితే ఇంకా తడి ఉన్నట్టు. గాటు పడకుండా రాయిలా ఉంటే సిద్ధమైనట్టు. చిన్న చిల్లు ఉన్న గింజ ఒక్కటి కనిపించినా పక్కన పడేయండి. అందులో పురుగు ఉంటుంది, సీసాలో ఉన్న గింజలన్నింటికీ ఎక్కుతుంది.

వంకాయ: కూరకు కోసే దశ దాటాక నెలకు పైగా చెట్టునే ఉండాలి. ఊదా రంగైనా, ఆకుపచ్చ రంగైనా చివరికి పసుపు, గోధుమ రంగులోకి తిరిగి తొక్క గట్టిపడుతుంది. కోసి వారం రోజులు నీడన ఉంచండి. తర్వాత నాలుగు చెక్కలు చేసి, గిన్నెలో నీళ్లు పోసి గుజ్జును చేత్తో పిసకండి. గట్టి గింజ అడుగుకు దిగుతుంది, తాలు పైకి తేలుతుంది. తేలినదంతా వంపేయండి.

టమాటా: గింజ చుట్టూ జిగురు పొర ఉంటుంది. అది ఉన్నంతకాలం గింజ సరిగ్గా మొలవదు. బాగా పండిన కాయ గుజ్జును గాజు గ్లాసులోకి పిండి, కాసిని నీళ్లు కలిపి, పలుచటి గుడ్డ కప్పి ఉంచండి. ఫిబ్రవరి ఎండలకు ఒకటిన్నర, రెండు రోజుల్లో పైన తెల్లటి తెట్టు కడుతుంది. పుల్లటి వాసన వస్తుంది. అంతకు మించి ఉంచితే గింజ అక్కడే మొలక వేస్తుంది. వడగట్టి, ధారగా నీళ్లు పోస్తూ వేళ్లతో రుద్దితే జిగురు పోయి గింజ గరుకుగా, సన్నటి నూగుతో చేతికి తగులుతుంది. పింగాణీ ప్లేటులో పలుచగా పరచండి. కాగితం మీద పరిస్తే అతుక్కుపోతుంది. స్టీలు పళ్లెం ఎండకు కాలిపోతుంది.

బీర, సొర తీగ మీదే ఎండి డొల్ల కావాలి. దోస, కాకర పండితే చాలు. ఆకుకూరలు, ముల్లంగి, ధనియాల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. కంకి ఎండాక కోసి, కాగితపు సంచిలో తలకిందులుగా వేలాడదీస్తే గింజ దానంతటదే రాలుతుంది. బంతిపూలు ఎండాక నల్లగా, సూదిలా ఉండే గింజలు దాచుకోండి, వాటి అవసరం కింద వస్తుంది.

ఏ విత్తనమైనా మిట్టమధ్యాహ్నపు ఎండలో పెట్టకండి. నీడలో, గాలి ఆడే చోట ఆరడమే మంచిది. ఆరాక గాజు సీసాలో వేసి, పైన జల్లించిన కట్టెబూడిద, నలిగిన ఎండు వేపాకు కలపండి. బూడిద తడి లాగేస్తుంది, పురుగును కదలనివ్వదు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు చిరుధాన్యాలు, పప్పుల విత్తనాలను ఇలాగే పేడతో అలికిన వెదురు బుట్టల్లో బూడిద, వేపాకు వేసి దాస్తారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్లకు ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. మనకు ఉన్నవి గుప్పెడు గింజలే అయినా పద్ధతి మాత్రం అదే. ఫ్రిజ్ వాడేవాళ్లు బాగా ఆరిన చిక్కుడు, అలసంద గింజలను మూత గట్టిగా ఉన్న సీసాలో వారం పాటు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే లోపలి పురుగు గుడ్లు చచ్చిపోతాయి. బయటికి తీశాక సీసా మామూలు వేడికి వచ్చేదాకా మూత తీయకండి. తీస్తే గింజ మీద చెమ్మ పడుతుంది.

సీసా మీద రకం పేరు, ఎక్కడి నుంచి వచ్చింది, ఏ నెలలో తీసింది రాయండి. ఉల్లి విత్తనం ఏడాది దాటితే నమ్మలేం. టమాటా, వంగ మూడు నాలుగేళ్లు బాగానే ఉంటాయి. అనుమానం ఉంటే తడిగుడ్డలో పది గింజలు చుట్టి వారం ఆగి చూడండి. ఏడు మొలిస్తే మంచి విత్తనమే.

కత్తిరించి ఉంచుకునేవి

వంగ మొక్క ఆరోగ్యంగా ఉంటే పీకకండి. నేల నుంచి జానెడు, జానెడున్నర ఎత్తులో ఏటవాలుగా కత్తిరించి, పిడికెడు మాగిన ఎరువు, పిడికెడు వేపపిండి వేసి నీళ్లు పోస్తే కొత్త చిగుళ్లు వచ్చి ఏప్రిల్, మే నెలల్లో మళ్లీ కాస్తుంది. కాండంలో పురుగు తొలిచిన రంధ్రాలు ఉంటే మాత్రం ఈ శ్రమ దండగ, తీసేయండి. మిరపకూ ఇదే పద్ధతి. బొబ్బర వచ్చి ఆకులు ముడుచుకుపోయిన మిరపను దయ చూపకుండా తీసేయాలి.

కరివేపాకు కొమ్మల్ని మూడో వంతు కోసేస్తే గుబురుగా వస్తుంది. మల్లెను జనవరిలోనే కత్తిరించి ఆకు దూసి ఉంటారు. చిగుళ్లలో మొగ్గ కనబడే రోజులివి కాబట్టి ఇప్పుడు ఎరువు, నీళ్లు ఇవ్వండి, కత్తెర పెట్టకండి. చామంతిని పూత అయిపోగానే నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎత్తుకు కోసి నీడకు మార్చండి. మొదలు దగ్గర వచ్చే పిలకలే జూన్, జూలైలో నాటడానికి మనకు నారు. ఎండాకాలం అవి బతకాలంటే రోజూ నీళ్లు కాదు, నీడ ముఖ్యం. చామంతి ఎక్కువగా చచ్చేది వేరు కుళ్లే.

పసుపు వేసి ఉంటే ఆకులు పూర్తిగా ఎండి వాలిపోయేదాకా ఆగండి. నీళ్లు ఆపి పది పదిహేను రోజులయ్యాక కుండీని బోర్లించండి. గ్రో బ్యాగును పక్కకు పడుకోబెట్టి మట్టి దులుపుతుంటే పచ్చి పసుపు వాసన మిద్దె అంతా కమ్ముకుంటుంది. ఏడాదిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన రోజు అదే. లావుగా, గాయం లేకుండా ఉన్న దుంపలను విత్తనానికి తీసి, పొడి ఇసుకలోనో ఎండు పసుపు ఆకుల్లోనో కప్పి నీడన ఉంచండి, మే చివర్లో, జూన్‌లో నాటుకోవచ్చు. మిగిలిన కొమ్ములను కడిగి ఉడకబెట్టాలి. పుల్ల గుచ్చితే సులువుగా దిగితే ఉడికినట్టు. తర్వాత పది పదిహేను రోజులు ఎండబెడితే విరిస్తే టప్‌మని విరగాలి. అల్లానికి ఉడకబెట్టే పని లేదు, దుంప నిల్వ మాత్రం ఇలాగే.

పీకేటప్పుడు వేరు చూడాలి

ఈ మార్గదర్శిలో ఒక్క పని మాత్రమే చేయగలిగితే ఇదొక్కటి చేయండి. మొక్క పైభాగం జబ్బును ఆలస్యంగా చూపిస్తుంది, వేరు ముందే చెబుతుంది.

ముందురోజు నీళ్లు పోసి మట్టి మెత్తబడనివ్వండి. మొదలు పట్టుకుని లాగకుండా చుట్టూ చిన్న గునపంతో వదులు చేసి మొత్తం వేరు ముద్దను లేపండి. బకెట్ నీళ్లలో రెండు మూడుసార్లు ముంచి కడిగి, తెల్ల గుడ్డ మీద పరచి చూడండి.

తెల్లగా, సన్నటి పిల్లవేర్లతో ఉంటే ఆ మట్టికి ఏ ఇబ్బందీ లేదు. వేరు పొడవునా ముత్యాల దండలా బుడిపెలు ఉబ్బి ఉంటే నులిపురుగులు చేరాయి. అవి కంటికి కనబడవు, వేరులోకి దూరి అక్కడే పెరుగుతాయి. టమాటా, వంగ, బెండ, సొర జాతికి ఇవి పెద్ద శత్రువులు. ఇక్కడ ఒక జాగ్రత్త. చిక్కుడు, అలసంద వేళ్లకు కూడా గుండ్రటి బుడిపెలుంటాయి. అవి మేలు చేసేవి. వాటిలో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. తేడా తెలుసుకోవడం తేలికే. గోటితో మీటితే చిక్కుడు బుడిపె ఊడి వస్తుంది. పగలగొడితే పని చేస్తున్న బుడిపె లోపల గులాబీ రంగు ఉంటుంది. నులిపురుగు బుడిపె ఊడదు, ఎందుకంటే అక్కడ వేరు తనే ఉబ్బింది. అందుకే ఆరోగ్యంగా ఉన్న చిక్కుడును నేను పీకను. మొదలు దగ్గర కోసి, వేరును మట్టిలోనే కుళ్లిపోనిస్తాను.

టమాటా, వంగ పచ్చగా ఉండగానే ఒక్కసారిగా వాలి చచ్చిపోయి ఉంటే ఇంకో పరీక్ష చేయండి. మొదలు దగ్గర కాండాన్ని జానెడు ముక్క కోసి, గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి, కోసిన కొన నీళ్లలో మునిగేలా కదలకుండా పట్టుకోండి. కొన్ని నిమిషాల్లో పాల చుక్క కారినట్టు తెల్లటి దారం కిందికి జారితే అది బాక్టీరియా వల్ల వచ్చే ఎండు తెగులు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఆ కుండీ మట్టిలో కొన్నేళ్ల దాకా టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప పెట్టకూడదు. కుండీ మీద పెయింటుతో గుర్తు పెట్టండి.

ఆకుముడత వచ్చిన టమాటా, పల్లాకు తెగులు వచ్చిన బెండ పీకేటప్పుడు తెల్లదోమ లేచి పక్క మొక్కల మీద వాలుతుంది. ఈ రెండు వైరస్‌లనూ మోసుకెళ్లేది అదే. తెల్లవారుజామున, మంచు తడి ఉండగా దోమ మందకొడిగా ఉంటుంది. ఆ వేళ మొక్క మీద పెద్ద పాలిథిన్ సంచి తొడిగి, మూతి బిగించి, అప్పుడు పీకండి. సంచిని మూసి ఉంచి ఎండలో రెండు రోజులు వదిలేస్తే లోపలిదంతా మాడిపోతుంది.

పీకిన చెత్త

ఆరోగ్యంగా ఉన్న ఆకు, తీగ, కాండం అంతా కంపోస్టుకే. పేనుబంక పట్టిన తీగను ముందు రెండు రోజులు మిద్దె మీద ఎండబెట్టి తర్వాత వేయండి. బుడిపెల వేళ్లు, ఎండు తెగులు మొక్కలు, తుంగ గడ్డలు మాత్రం కంపోస్టులో వేయకండి. ఇంటి కుప్ప చిన్నది, వాటిని చంపేంత వేడి దానిలో పుట్టదు.

తీగలను అంగుళం, రెండు అంగుళాల ముక్కలుగా కోస్తే త్వరగా మాగుతాయి. చిల్లులు పెట్టిన డ్రమ్ములో మూడు వంతుల ఎండుటాకు, ఒక వంతు పచ్చిది పొరలుగా వేసి, మధ్యమధ్య పాత కంపోస్టు చల్లి, పుల్లమజ్జిగ నీళ్లు చిలకరించండి. గుప్పిట్లో పిండితే పిండిన బట్టలా చెమ్మ ఉండాలి, నీళ్లు కారకూడదు. పది రోజులకోసారి కలిపితే ఎండాకాలంలో రెండు నెలలకు చేతికొస్తుంది. ఎండుటాకు సరిగ్గా ఇప్పుడే దొరుకుతుంది. మార్చిలో వేప, కానుగ ఆకు రాలుస్తాయి. వీధిలో తగలబెట్టకముందే రెండు బస్తాలు తెచ్చి పెట్టుకోండి, సంవత్సరమంతా ఉపయోగపడుతుంది.

మట్టి

ఒక్క పంట తీశాక గ్రో బ్యాగులో మట్టి రెండు మూడు అంగుళాలు దిగిపోతుంది. ఎరువు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కరిగిపోయి మన్ను గట్టిపడుతుంది. దాన్ని పారేసి కొత్తది కొనాల్సిన పనిలేదు. నాలుగు పనులు చేస్తే అది మళ్లీ పనికొస్తుంది.

మొదటిది, ఉప్పు కడగడం. బోరు నీళ్లు పోసే మిద్దెల మీద కుండీ అంచుల్లో, మట్టి పైన తెల్లటి పొర పేరుకుంటుంది. పైన అర అంగుళం మట్టి గీకి తీసేసి, కుండీ పరిమాణానికి రెండింతల నీళ్లు నెమ్మదిగా పోసి కింద నుంచి కారిపోనివ్వండి. నీళ్ల కరువున్న చోట ఈ పనిని తొలకరికి వదిలేయండి. వాన నీరు ఉచితంగా, ఇంకా బాగా కడుగుతుంది.

రెండోది, ఎండ పెట్టడం. బుడిపెలు కనిపించిన మట్టికి ఇది తప్పనిసరి. మట్టిని మెత్తగా తడపండి. తడి మట్టిలోనే వేడి లోతుకు వెళ్తుంది, నిద్రపోతున్న గుడ్లు, గింజలు మేలుకుని చస్తాయి. పొడి మట్టి మీద పట్టా కప్పితే సగం ఫలితమే. పైన పారదర్శకంగా ఉండే పలుచటి పాలిథిన్ షీటు కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టి గాలి దూరకుండా చూడండి. నల్ల షీటు వద్దు. నల్లది తానే వేడెక్కుతుంది, పారదర్శకమైనదైతే ఎండను మట్టిదాకా పంపి లోపలే బంధిస్తుంది. 1976లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త జాకోవ్ కటాన్ బృందం పొలాల్లో ఈ పద్ధతి పనిచేస్తుందని చూపింది. నేలమీది మళ్లకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కాలే స్లాబు మీద పలుచగా, అర అడుగు మందాన పరచిన మట్టికి నేను ఏప్రిల్‌లో మూడు నాలుగు వారాలు ఇస్తాను. మన తెలంగాణ, రాయలసీమ ఎండలను మించిన మందు దీనికి లేదు.

ఎండ మంచీ చెడూ చూడకుండా చంపుతుంది, మేలు చేసే సూక్ష్మజీవులు కూడా చాలావరకు పోతాయి. కాబట్టి షీటు తీసిన వెంటనే మొక్క నాటకుండా మూడో పని చేయాలి. మూడు వంతుల పాత మట్టికి ఒక వంతు మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, ఒక్కో పెద్ద బ్యాగుకు వంద గ్రాముల వేపపిండి కలిపి నింపండి. ఎరువు కొనేటప్పుడు బస్తాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి చూడండి. వేడిగా తగిలినా, ముక్కు మండే వాసన వచ్చినా అది మాగలేదు. ఒకసారి తొందరలో చూడకుండా కొన్న ఎరువుతో తెల్లటి లావు వేరుపురుగులు వచ్చి ఆరు కుండీల మొక్కలను కింద నుంచి కొరికేశాయి. మాగిన ఎరువుకు తొలి వాన పడ్డ నేల వాసన ఉంటుంది.

నాలుగోది జీవామృతం, మట్టిలోకి సూక్ష్మజీవులను మళ్లీ తెచ్చే పులిసిన ద్రావణం. ప్రకృతి సేద్యాన్ని ప్రచారం చేసే సుభాష్ పాలేకర్ చెప్పే 200 లీటర్ల లెక్కను మిద్దెకు పది లీటర్లకు దించితే అర కిలో ఆవుపేడ, అర లీటరు మూత్రం, వంద గ్రాముల బెల్లం, వంద గ్రాముల పప్పుపిండి, గుప్పెడు మంచి మట్టి. నీడలో రెండు రోజులు ఉంచి, రోజుకు రెండుసార్లు కర్రతో తిప్పండి. వారం లోపు వాడేయాలి. మట్టి తడిగా ఉన్నప్పుడు, సాయంత్రం వేళ పోయండి.

బుడిపెలు కొద్దిగా మాత్రమే ఉన్న కుండీల్లో, ఎండ పెట్టే తీరిక లేనివాళ్లు దాచుకున్న బంతి గింజలు చల్లుకోవచ్చు. బంతి వేళ్ల నుంచి వచ్చే రసాయనం నులిపురుగులను అణచివేస్తుంది. రెండు మూడు నెలలు దట్టంగా పెరగనివ్వాలి, అక్కడక్కడా ఒకటి పెడితే ఏమీ కాదు.

స్లాబు చూసుకునే సమయం

కుండీలు ఖాళీ అయ్యే ఈ కొద్ది రోజులే స్లాబు పూర్తిగా కనబడేది. ప్రతి కుండీని జరిపి కింద తడి మరక, పగులు, నాచు ఉన్నాయేమో చూడండి. కింది అంతస్తులో పైకప్పు సున్నం పొట్టు రాలుతున్న చోటును కొలుచుకుని, పైన సరిగ్గా ఆ చోటు వెతకండి. వాటర్‌ప్రూఫింగ్ చేయించాలంటే ఏప్రిల్, మే లోపే.

బరువు లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం మనుషులు ఎక్కి తిరిగే పైకప్పుకు తీసుకునే బరువు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోలు. చదరపు అడుగుకు 14 కిలోలన్నమాట. తడిసిన ఎర్రమట్టి ఒక ఘనపుటడుగు 45 నుంచి 50 కిలోలు తూగుతుంది. అడుగు లోతు మడిని స్లాబు మధ్యలో కట్టడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టే అర్థమవుతుంది. బరువైన మళ్లు, డ్రమ్ములు బీముల మీద, గోడల మీద ఉండాలి. మధ్యలో ఆకుకూరల తేలిక బ్యాగులు చాలు. మట్టిలో కోకోపీట్ పాలు పెంచినా బరువు తగ్గుతుంది. పాత ఇళ్లవాళ్లు ఒక ఇంజినీరును పిలిచి చూపించుకోవడం అన్నింటికంటే మంచిది.

ఖాళీ కుండీలను ఎండకు వదిలేయకండి

ఎండ పెట్టని మట్టిని ఏప్రిల్, మే నెలల్లో బోడిగా వదిలితే ఇటుకలా అవుతుంది. నా పద్ధతి మిద్దెను మూడుగా విడగొట్టడం. ఒక భాగం పాలిథిన్ కింద. ఒక భాగంలో వేసవికి ఓర్చుకునే గోంగూర, తోటకూర, బచ్చలి, బెండ, గోరుచిక్కుడు, పైన సగం ఎండను ఆపే షేడ్ నెట్. మూడో భాగంలో మార్చి మొదట్లోనే అలసందలు, పెసలు చిక్కగా చల్లి, పూత మొదలవగానే కోసి అదే మట్టిలో కలిపేస్తాను. పొలంలో జనుము, జీలుగను పచ్చిరొట్ట ఎరువుగా దున్నే పని ఇక్కడ ఒక బ్యాగులో జరుగుతుంది. కలిపాక పైన రెండు అంగుళాల ఎండుటాకు కప్పి, వారానికి రెండుసార్లు నీళ్లు చిలకరిస్తే రోహిణి కార్తె దాకా మట్టి చల్లగా ఉంటుంది. మృగశిర వచ్చేసరికి వేలు గుచ్చితే దిగేంత గుల్లగా తయారవుతుంది.

పందిరి తాళ్లు ఏటా కొత్తవి కట్టండి. కర్రలు ఎండలో పడేస్తే చాలు. కుండీల కింది పళ్లాల్లో నీళ్లు నిలిస్తే దోమలు పెరుగుతాయి, తీసి బోర్లించండి.

చివరిగా విత్తనాల సీసాల సంగతి. పోయిందనుకున్న ఎర్రంచు చిక్కుడు మూడేళ్లకు ఊళ్లో ఒక దూరపు బంధువు పెరట్లో దొరికింది. ఏడు గింజలు, కాగితంలో చుట్టి పంపారు. ఫోన్లో అమ్మమ్మ ఒకే మాట అంది: "విత్తనం ఒక్కింట్ల ఉంచద్దు బిడ్డా, మూడిండ్లల్ల ఉంచాలె." అప్పటి నుంచి తీసిన గింజలను మూడు పొట్లాలు కడుతున్నాను. ఒకటి మా సీసాలోకి, ఒకటి ఊరికి. మూడోది ఈ ఉగాదికి పచ్చడిలోకి వేపపువ్వుతో పాటు పిన్ని వాళ్లింటికి వెళ్తుంది.